మెదడులో మార్పు, జ్ఞాపకం, ప్రవర్తన: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో పక్షవాతం వచ్చినవారికి పునరావాస చికిత్స అందించే వృత్తిలో ఉన్నందువల్ల, మెదడు తనను తాను మార్చుకునే శక్తి గురించి నన్ను అడిగేవారు చాలామంది. రోగుల ఇళ్లవాళ్లే కాక, బ్రాడీపేటలో కోచింగ్‌కు వచ్చే విద్యార్థులు, విజయవాడ హాస్టళ్లలో పిల్లలను చేర్చిన తల్లిదండ్రులు కూడా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వేస్తుంటారు. దెబ్బతిన్న మెదడు ఇక బాగుపడదన్న పాత నిరాశ ఎంత హాని చేస్తుందో, నెల రోజుల్లో మెదడును మార్చేస్తామన్న కొత్త ప్రచారం కూడా అంతే హాని చేస్తుంది. పరిశోధనలు నిజంగా ఎంతవరకు చెప్పాయో అంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

న్యూరోప్లాస్టిసిటీ అంటే ఏమిటి?

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక్కో కణం వేలాది ఇతర కణాలతో సంబంధం పెట్టుకుంటుంది. ఒక కణం నుంచి మరో కణానికి సందేశం అందే చోటును సినాప్స్ అంటారు. మనం చేసే పనిని బట్టి, చూసేదాన్ని బట్టి, మాటిమాటికీ తలచుకునేదాన్ని బట్టి ఈ సినాప్స్‌లు కొన్ని బలపడతాయి, కొన్ని బలహీనపడతాయి, కొత్తవి పుడతాయి, వాడుక లేనివి తొలగిపోతాయి. ఈ మార్పులన్నిటినీ కలిపి న్యూరోప్లాస్టిసిటీ అంటున్నారు. ఇది మెలకువలోనూ నిద్రలోనూ జీవితాంతం సాగే మామూలు పని.

ఒక కణం మరో కణాన్ని పదేపదే ఉత్తేజపరుస్తూ ఉంటే వాటి మధ్య బంధం బలపడుతుందని 1949లో కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ ప్రతిపాదించారు. అప్పటికి అది ఊహ మాత్రమే. 1973లో టిమ్ బ్లిస్, టెర్యె లోమో అనే ఇద్దరు పరిశోధకులు, నార్వేలోని ఓస్లోలో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. హిప్పోక్యాంపస్ అనే భాగానికి వేగంగా కొన్ని విద్యుత్ ప్రేరణలు ఇస్తే, ఆ తర్వాత గంటల తరబడి అక్కడి సినాప్స్‌ల స్పందన పెరిగే ఉందని వారు చూపించారు. జ్ఞాపకం మీద నేడు జరుగుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఆ ప్రయోగం మీదనే నిలబడి ఉంది.

జ్ఞాపకం మెదడులో ఎక్కడ ఉంటుంది?

ఒకే చోట ఉండదు. ఈ విషయాన్ని లోకానికి తెలియజేసినవారు హెన్రీ మొలైసన్ అనే అమెరికా దేశస్థుడు. తీవ్రమైన మూర్ఛ తగ్గించడానికి 1953లో ఆయనకు మెదడు రెండువైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని, దాని పరిసరాలను తొలగించారు. మూర్ఛ తగ్గింది కానీ, ఆ రోజు నుంచి 2008లో మరణించేదాకా ఆయన మనసులో కొత్త సంఘటన ఏదీ నిలవలేదు. అంతకుముందు కలిసిన మనిషినే మళ్లీ కొత్తగా పరిచయం చేసుకునేవారు. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు, అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీసే పనిని ఆయనకు అప్పగించారు. రోజురోజుకూ ఆయన చేయి మెరుగుపడింది. అయితే ఆ పని అంతకుముందు ఎప్పుడూ చేసినట్టే ఆయనకు గుర్తులేదు. సంఘటనలను గుర్తుంచుకోవడం ఒకటి, చేతికి పని అలవడడం మరొకటి అని దీనివల్ల తేలింది. నైపుణ్యాలకూ అలవాట్లకూ ముఖ్యంగా మెదడు లోతున ఉండే బేసల్ గ్యాంగ్లియా, వెనుక ఉండే చిన్నమెదడు ఆధారం. మతిమరుపు ఉన్న పెద్దావిడ పేర్లు మరిచిపోతున్నా పూలు మాల కట్టగలగడంలో వింత లేదు.

ఇక ఏ రూపంలో ఉంటుందంటే, ఎరిక్ కాండెల్ సముద్రపు నత్త జాతికి చెందిన అప్లీసియా మీద చేసిన పనిని చెప్పుకోవాలి. ఆ జీవికి సుమారు 20,000 నాడీకణాలే ఉంటాయి, అవి పెద్దవి కూడా. ఒక్కసారి షాక్ ఇస్తే ఆ జ్ఞాపకం కొద్దిసేపే నిలిచింది; అప్పటికే ఉన్న సినాప్స్‌లలో రసాయనాల విడుదల పెరగడంతోనే సరిపోయింది. విరామాలిస్తూ పదేపదే షాక్ ఇచ్చినప్పుడు మాత్రం కణంలోని జన్యువులు పనిలోకి దిగి, కొత్త ప్రోటీన్లు తయారై, కొత్త సినాప్స్‌లే మొలిచాయి. ఒక్కో ఇంద్రియ నాడీకణానికి సుమారు 1,300 ఉన్న సినాప్స్‌లు 2,700 దాకా పెరిగాయని లెక్కగట్టారు. కాండెల్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. విరామం అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి, చదువుల ప్రశ్న దగ్గర దానితో మళ్లీ పని పడుతుంది.

పెద్దవాళ్ల మెదడు కూడా మారుతుందా?

మారుతుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం సుమారు 25,000 వీధులను మూడు నాలుగేళ్ల పాటు కంఠస్థం చేయాలి. వారి హిప్పోక్యాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదిగా ఉందని ఎలినార్ మెగ్వైర్ బృందం 2000లో చూపింది. మొదటినుంచీ అలాంటి మెదడు ఉన్నవారే ఆ వృత్తిలోకి వచ్చారేమోనన్న అనుమానం సహజం. అందుకే శిక్షణకు ముందూ తర్వాతా అదే వ్యక్తులను పరీక్షించి 2011లో మరో అధ్యయనం ప్రకటించారు. పరీక్షలో నెగ్గినవారిలో మాత్రమే ఆ పెరుగుదల కనిపించింది. వన్ టౌన్ సందుల్లో ఇరవై ఏళ్లుగా ఆటో నడుపుతున్న డ్రైవరుకూ, ఫోన్ చెప్పినట్టు మలుపు తిరిగే కొత్త కుర్రవాడికీ ఇలాంటి తేడా ఉంటుందా అని చాలామంది అడుగుతారు. మన ఊళ్ల డ్రైవర్ల విషయంలో స్కాన్‌లు లేకుండా ఏమీ చెప్పకూడదు కానీ, దారిని తానే మనసులో కట్టుకోవడానికి హిప్పోక్యాంపస్ పనిచేయాలన్నది మాత్రం నిజం.

మన దేశపు ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. లక్నో సమీప గ్రామాల్లో చదువురాని పెద్దవాళ్లకు, అందులోనూ ఎక్కువగా మహిళలకు, ఆరు నెలలపాటు హిందీ చదవడం, రాయడం నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీశారు. మెదడు పైపొరల్లోనే కాక, లోపల ఎంతో లోతుగా ఉండే థాలమస్, మెదడుకాండం భాగాల్లో కూడా మార్పు కనిపించిందని 2017లో ప్రకటించారు. పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవారి మెదడు అంత లోతున మారిందంటే, మా అమ్మకు ఈ వయసులో చదువేమిటని అనేవారు ఒకసారి ఆలోచించాలి.

అయితే మెదడులో కొత్త కణాలు కూడా పుడతాయా?

ఎలుకల్లో పుడతాయి, పాటలు పాడే పక్షుల్లోనూ పుడతాయి. మనుషుల హిప్పోక్యాంపస్‌లో పెద్దయ్యాక కూడా పుడుతున్నాయని 1998లో ఒక బృందం ప్రకటించింది. 2018లో ఒక బృందం పెద్దవారిలో అలాంటి కణాలు కనిపించలేదనగా, అదే ఏడాది మరో బృందం వృద్ధాప్యంలోనూ ఉన్నాయని చెప్పింది. వివాదం తేలలేదు. నేర్చుకోవడానికి ఉన్న కణాల మధ్య సంబంధాలు మారితే చాలు కనుక, ఈ వివాదం ఎటు తేలినా మీ దైనందిన జీవితంలో తేడా రాదు.

అవధానులకు పుట్టుకతోనే ప్రత్యేకమైన మెదడు ఉంటుందా?

అష్టావధానం చూసినవారికి ఈ ప్రశ్న కలగక మానదు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని సమస్య ఒకరు, దత్తపది ఒకరు, నిషిద్ధాక్షరి ఒకరు ఇస్తూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెడగొడుతూ ఉంటే, అవధాని ఒక్కో పాదం చొప్పున పద్యాలు పూరించుకుంటూ పోయి, చివరి ధారణలో అన్నిటినీ వరుసగా అప్పజెబుతారు. తిరుపతి వేంకట కవులు శతావధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగిన కాలం నుంచీ దీన్ని సరస్వతీ కటాక్షం అనే అంటున్నాం. ఆ మాట పట్ల నాకు గౌరవమే. దాని వెనుక ఎన్నో ఏళ్ల ఛందస్సు సాధన ఉందన్నది కూడా అంతే నిజం.

అవధానుల మీద కాకపోయినా, శుక్ల యజుర్వేదాన్ని కంఠస్థం చేసిన 21 మంది పండితుల మీద మన దేశంలో అధ్యయనం జరిగింది. సాధారణ వ్యక్తులతో పోలిస్తే వారి మెదడులో పలుచోట్ల నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం ఎక్కువగా ఉందని, కుడి హిప్పోక్యాంపస్‌లోనూ తేడా ఉందని 2016లో ప్రచురించారు. అది ఒక్కసారి తీసిన స్కాన్ కనుక, సాధన వల్లనే తేడా వచ్చిందని దాన్నిబట్టి రుజువు కాదు. ఆ లోటును మరో అధ్యయనం కొంత పూరిస్తుంది. మామూలు మనుషులకు రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు, తెలిసిన ఇంట్లోని చోట్లకు పదాలను ముడిపెట్టి గుర్తుంచుకునే పద్ధతి నేర్పితే, వారి జ్ఞాపకశక్తి బాగా పెరిగిందనీ, మెదడు భాగాల మధ్య సంబంధాల తీరు జ్ఞాపకశక్తి పోటీల్లో పాల్గొనేవారి తీరుకు దగ్గరైందనీ 2017లో వెల్లడించారు.

మా అబ్బాయి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదువుతున్నాడు. అయినా పరీక్షలో గుర్తుండడం లేదు. ఎందుకు?

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఎంతో ఆవేదనతో అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు లోపం పిల్లవాడిలో ఉండదు, చదివించే పద్ధతిలో ఉంటుంది.

మొదటి సంగతి, అదే పేజీని అయిదుసార్లు చదవడం కన్నా ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసుకోవడం మేలు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులతో ఈ రెండు పద్ధతులనూ పోల్చారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు స్పష్టంగా ముందున్నారు. చదివిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపించడం ఎంత మోసమో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది విరామం. అప్లీసియాలో చూసినట్టు, దీర్ఘకాల జ్ఞాపకానికి కణంలో ప్రోటీన్లు తయారు కావాలి, అందుకు సమయం పడుతుంది. ఆదివారం ఒకేసారి నాలుగు గంటలు రసాయనశాస్త్రం చదివే బదులు, అదే నాలుగు గంటలను వారంలో నాలుగు రోజులకు పంచితే ఎక్కువ నిలుస్తుంది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే చేసుకున్న ప్రయోగాల నుంచి నేటిదాకా ఈ ఫలితం మళ్లీ మళ్లీ రుజువవుతూనే ఉంది.

మూడోది నిద్ర. పగలు ఎలుక ఒక దారిలో తిరుగుతున్నప్పుడు హిప్పోక్యాంపస్‌లో కలిసి పనిచేసిన కణాలే, ఆ తర్వాతి గాఢనిద్రలో కూడా కలిసి పనిచేస్తున్నాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపించారు. పగలు నేర్చుకున్నది స్థిరపడడానికి ఈ పునరావృతం తోడ్పడుతుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొట్టే హాస్టళ్లలో పిల్లలు పగలంతా చదివినదాన్నే పోగొట్టుకుంటున్నారు. ఈ మాట యాజమాన్యాలతో తల్లిదండ్రులే గట్టిగా అనాలి, పిల్లలు అనలేరు.

ఒత్తిడి ఉంటేనే పిల్లలు చదువుతారని అంటారు. నిజమేనా?

కొద్దిపాటి ఒత్తిడి, అదీ కొద్దిసేపే ఉంటే, జాగరూకతను పెంచుతుంది. నెలల తరబడి సాగే ఒత్తిడి వేరు. బెంగళూరులో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా బంధించి ఉంచింది. హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల శాఖలు కుంచించుకుపోయాయి. భయానికి కేంద్రమైన అమిగ్డాలాలో మాత్రం శాఖలు పెరిగాయి. ఆ తర్వాత 21 రోజులు విశ్రాంతి ఇస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డాలాలో పెరిగిన శాఖలు అలాగే ఉండిపోయాయి. ఎలుకల ఫలితాన్ని యథాతథంగా పిల్లలకు అన్వయించకూడదని తెలుసు. అయినా, పరీక్షలు ముగిసి ఇంటికి వచ్చాక కూడా ఉలిక్కిపడుతూ, చిరాకుపడుతూ ఉండే పిల్లవాడికి సెలవులిస్తే అదే సర్దుకుంటుందిలే అని వదిలేయవద్దనీ, మానసిక వైద్యుడికి చూపించమనీ చెప్పడానికి ఈ ఫలితం నాకు బలాన్నిచ్చింది.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మళ్లీ పనిచేస్తుందా?

చూడకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత మేర తగిలింది, మొదటి రోజుల్లో వేళ్లలో ఏమాత్రమైనా కదలిక ఉందా అన్నవాటిని బట్టి అంచనా ఉంటుంది. చనిపోయిన కణాలు తిరిగిరావు. చుట్టుపక్కల మిగిలిన భాగాలు, కొంతవరకు మెదడు రెండో వైపు, ఆ పనిలో భాగం పంచుకుంటాయి. అది జరగాలంటే ఆ చేతితో పని చేయించాలి.

మన ఇళ్లలో దీనికి అడ్డు ప్రేమే. నాన్నగారికి అన్నం కలిపి తినిపిస్తాం, చొక్కా గుండీలు మనమే పెడతాం, ఆయన కష్టపడితే చూడలేక మంచినీళ్ల గ్లాసు ఎడమచేతికి అందిస్తాం. పడిపోయిన చేతిని వాడకపోవడమే క్రమంగా అలవాటై, కొంత శక్తి తిరిగి వచ్చినా ఆ చేయి పనిలోకి రాకుండా పోతుంది. ఎడ్వర్డ్ టౌబ్ కోతుల్లో దీన్ని గమనించి, బాగున్న చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే చికిత్సను రూపొందించారు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో అమెరికాలో జరిగిన పరీక్షలో, రెండు వారాల ఇలాంటి శిక్షణ పొందినవారి చేతిపని మామూలు చికిత్స పొందినవారికంటే బాగా మెరుగుపడిందనీ, ఆ మేలు ఏడాది తర్వాత కూడా నిలిచిందనీ 2006లో వెల్లడైంది. మణికట్టును, వేళ్లను కొంతైనా పైకి ఎత్తగలిగినవారికే ఈ పద్ధతి పనికివస్తుంది. తొడుగు వేసి నడిస్తే పడిపోయే ప్రమాదం ఉన్నవారికి ఇంట్లో సొంతంగా ప్రయత్నించకూడదు.

మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనిచేసిన ఒక మహిళకు చికిత్స చేస్తున్నప్పుడు, మేమిచ్చిన రబ్బరు బంతిని ఆమె విసుగ్గా రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేది. పళ్లెంలో వేరుశనక్కాయలు పోసి ఒలవమన్నాక గంటసేపు కూర్చుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి కాయను పట్టడం, జారిపోతే మళ్లీ వెతికి పట్టడం, పెంకు చిట్లేంత బలం పెట్టి గింజ నలగకముందే ఆపడం ఆమెకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన పనికి దగ్గరగా ఉన్నాయి. మిరపకాయలే ఇవ్వలేదా అని ఆమె అడిగింది. స్పర్శ తగ్గిన చేతికి మంట తెలియదు, అదే చేయి కంటికి వెళ్తే ప్రమాదం. రోగికి అర్థమున్న పనినే ఎంచుకోవాలనీ, దాన్ని వందలసార్లు చేయించాలనీ, చేతకాగానే కొంచెం కష్టతరం చేయాలనీ పునరావాస పరిశోధన చెబుతున్నది ఇదే. మంచం మీద పడుకోబెట్టి ఇంకొకరు చేయి ఆడించడం కీళ్లు బిగుసుకోకుండా కాపాడుతుంది, కానీ మెదడుకు నేర్పేది చాలా తక్కువ.

తొందర కూడా పనికిరాదు. 2,104 మంది రోగులతో జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరీక్షలో, మొదటి 24 గంటల్లోనే లేపి ఎక్కువసార్లు, ఎక్కువసేపు నడిపించినవారు మూడు నెలల తర్వాత మిగతావారికంటే కొంత వెనుకబడ్డారు. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడిని నిర్ణయించనివ్వండి.

మూడు నెలలు దాటితే ఇక లాభం లేదంటున్నారు. నిజమేనా?

తొలి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడాన్ని ఆగిపోవడంగా భావించి చికిత్స మానేసినవారిని చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. పైన చెప్పిన 222 మందిలో అందరూ మూడు నెలలు దాటినవారే.

చిన్నపిల్లల చూపు, వినికిడి విషయంలో వయసు గడిచిపోతే ఏమవుతుంది?

ఇక్కడ ఆలస్యం నిజంగానే ఖరీదైనది. పిల్లికూనల ఒక కన్నును పుట్టిన కొత్తలో మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు ఆ కంటి సందేశాలను దాదాపు పట్టించుకోదని హ్యూబెల్, వీజెల్ కనుగొన్నారు. పెద్ద పిల్లుల్లో అదే పనిచేస్తే నష్టం కలగలేదు. వారికి 1981లో నోబెల్ వచ్చింది. మెల్లకన్ను, సోమరి కన్ను ఉన్న పిల్లలకు బాగున్న కంటికి పట్టీ వేయించేది ఈ కారణంతోనే. పుట్టు చెవుడు ఉన్న బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల ఆపరేషన్‌తో అమర్చే వినికిడి పరికరం) మూడున్నరేళ్లలోపు చేయిస్తే వినికిడి మార్గాలు చక్కగా అభివృద్ధి చెందుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. మెల్లకన్ను అదృష్టమని, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని ఎదురుచూడకండి.

ఆలస్యమైందని వదిలేయనూ కూడదు. పుట్టుకతోనే శుక్లాలున్న మన దేశపు పిల్లలకు ఆపరేషన్ చేయించి, వారి చూపును అధ్యయనం చేసే ప్రాజెక్ట్ ప్రకాశ్‌ను అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు పవన్ సిన్హా నడిపిస్తున్నారు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు కూడా ఆపరేషన్ తర్వాత ఎంతో నేర్చుకున్నారు. చేత్తో తడిమిన వస్తువును కంటితో గుర్తుపట్టడం మొదట వారికి రాలేదు, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే రావడం మొదలైంది. చూపులోని స్పష్టత మాత్రం మామూలు స్థాయికి చేరలేదు.

21 రోజుల్లో అలవాటు మారుతుందా?

ఆ అంకెకు ఆధారం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదు.

మెదడులో వచ్చే మార్పులన్నీ మేలు చేసేవేనా?

కాదు. మద్యం, పొగాకు వ్యసనం అవుతున్నప్పుడు కూడా ఇదే యంత్రాంగం పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వేళ్లతో ఒకే కదలికను అతివేగంగా సాధన చేసే సంగీతకారుల్లో కొందరికి, మెదడులో ఆ వేళ్ల ప్రాంతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వాద్యం ముట్టుకోగానే వేళ్లు ముడుచుకుపోయే జబ్బు వస్తుంది. వీణ, వయొలిన్ నేర్చుకునేవారు అలసట తెలియగానే విరామం తీసుకోవాలని గురువులు చెబితే బాగుంటుంది.

మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్, బ్రెయిన్ ట్రైనింగ్ యాప్‌లు పనిచేస్తాయా?

మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో, కళ్లకు గంతలు కట్టుకుని రంగులు చెప్పడం, పుస్తకం చదవడం నేర్పుతామనే శిక్షణలకు శాస్త్రీయ ఆధారం ఏమీ లేదు. ముక్కు పక్కన మిగిలిన సందులోంచి పిల్లలు చూస్తారు. గంత సరిగా కడితే చెప్పలేరు. ఆ డబ్బు పోవడం కన్నా, పెద్దలను సంతోషపెట్టడానికి బిడ్డ అబద్ధం ఆడడం నేర్చుకోవడం నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. ఇక యాప్‌ల సంగతి. 11,430 మందితో బ్రిటన్‌లో ఆరు వారాలు జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, ఆడిన ఆటల్లో నైపుణ్యం పెరిగింది కానీ, వాటికి దగ్గరి సంబంధమున్న ఇతర పరీక్షల్లో కూడా మేలు కనిపించలేదు. మెదడు దేన్ని సాధన చేస్తే దాన్నే నేర్చుకుంటుంది.

బాధాకరమైన జ్ఞాపకాన్ని చెరిపేయవచ్చా?

గుర్తుకు తెచ్చుకున్నప్పుడు జ్ఞాపకం కొంతసేపు మెత్తబడి, మళ్లీ గట్టిపడడానికి కొత్త ప్రోటీన్లు కావలసివస్తుందని 2000లో కరీమ్ నాదర్ ఎలుకల్లో చూపించారు. దాన్ని మనుషుల చికిత్సకు వాడే ప్రయత్నాలు సాగుతున్నాయి, ఫలితాలు ఇంకా నిలకడగా లేవు. నేడు అందుబాటులో ఉన్న మానసిక చికిత్సలు సంఘటనను చెరపవు. దానితో ముడిపడ్డ భయాన్ని తగ్గిస్తాయి.

మా అమ్మకు 70 ఏళ్లు. మరిచిపోవడం వయసు వల్లనా, జబ్బు వల్లనా?

పేరు ఆలస్యంగా గుర్తుకురావడం వయసుతో మామూలే. తెలిసిన వీధిలో దారి తప్పడం, చెప్పిన సంగతే పది నిమిషాల్లో మళ్లీ చెప్పడం, రోజూ పెట్టే పులుసులో వరుస తప్పడం మామూలు కాదు. నడక మాత్రం ఈరోజే మొదలుపెట్టించవచ్చు. 120 మంది వృద్ధులతో అమెరికాలో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, ఏడాది పాటు వారానికి మూడు రోజులు వేగంగా నడిచినవారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది తగ్గింది.

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని నిర్ణయించుకునే ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ లోపాలను సరిదిద్దవచ్చు. దిగులు కూడా పెద్దవారిలో మతిమరుపులా కనిపిస్తుంది. వినికిడి లోపాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు. సరిగా వినని మాట మెదడుకు చేరదు, చేరనిదాన్ని గుర్తుంచుకోమంటే ఎలా? డిమెన్షియాకు దారితీసే, నివారించదగిన కారణాల్లో వినికిడి లోపం ముఖ్యమైనదని నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. కనుక న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లే రోజున చెవి పరీక్ష కూడా చేయించండి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మందులు కూడా మతిమరుపు తెస్తాయి కాబట్టి, అమ్మ వేసుకునే మందులన్నిటినీ ఒక సంచిలో వేసి వెంట తీసుకువెళ్లండి.